మధురైలో పుట్టిన తర్కవేత్త అగస్టస్ డి మోర్గాన్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఏ జాతీయ నాయకుని గురించో, ఏ వాగ్గేయకారుని గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. కాని నాకు వెంటనే మనసులో మెదిలిన పేరు అగస్టస్ డి మోర్గాన్. ఆయన ఇంగ్లీషువాడు, గణితాచార్యుడు, 1871లోనే కాలధర్మం చెందినవాడు. ఆయనకూ, ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి అకౌంటెంటుగా రిటైరయిన నాకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. ఆ సంబంధం ఒక పింఛను ఫైలు వల్ల కలిగింది. ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత ఆ మహనీయుని జీవితంలోకి వస్తాను.

అది 1979వ సంవత్సరం. నేనప్పుడు ఒక ఉప ఖజానాలో పింఛను సీటు చూస్తున్నాను. ఆ రోజుల్లో పింఛనుదారులు నెల మొదట్లో పుస్తకం పట్టుకొని స్వయంగా వచ్చి, వరండాలో బల్లల మీద కూర్చొని, పేరు పిలిస్తే లేచి వచ్చి డబ్బు తీసుకునేవారు. రాలేనివారు గెజిటెడ్ అధికారి సంతకంతో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం పంపేవారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన ఏడాదికి పైగా రాలేదు. పత్రమూ పంపలేదు. ఆయన రిజిస్టరులో ఎదురుగా ఉన్న గడిలో నేను ఎర్రసిరాతో మరణించినట్లు రాసి, పుస్తకం తిప్పి పంపడానికి నోటు పెట్టాను. పైఅధికారి సంతకం అయిపోయింది. నోటు వెళ్ళిపోయింది.

మరి కొన్ని నెలలకు ఒక మిట్టమధ్యాహ్నం ఆ పెద్దాయన చేతికర్ర సాయంతో బస్సు దిగి, మా ఆఫీసు మెట్లెక్కి నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు. కాలు విరిగి, దూరాన ఉన్న కూతురి ఇంట్లో ఏడాదికి పైగా మంచం మీద ఉన్నారట. ఇప్పుడు లేచి తిరగగలుగుతున్నారు కనుక పింఛను కోసం వచ్చారు. ఆయన పేరు చూసి నేను రిజిస్టరు తెరిచాను. ఎర్రసిరా గడి ఇద్దరికీ కనిపించింది. తీసుకోలేదు అని మాత్రమే నేను రాసి ఉంటే ఒక దరఖాస్తుతో పని జరిగిపోయేది. మరణించాడని రాశాను కనుక ఖాతా మూసివేశారు. దాన్ని తిరిగి తెరిపించడానికి ఉత్తరాలు, ధ్రువపత్రాలు, మళ్ళీ ఉత్తరాలు. మరో అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఆ వృద్ధదంపతులు అప్పు చేసి గడిపారని నాకు తరువాత తెలిసింది.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. కుర్చీలో కూర్చొని మంచినీళ్ళు తాగి, ఏ ఆధారంతో అలా రాశావు నాయనా అని అడిగారు. పింఛనుదారు చనిపోతే పింఛనుకు రాడు, మీరు రాలేదు, అందుకని అలా అనుకున్నాను అన్నాను. ఆయన తరగతిలో పిల్లవాడికి చెప్పినట్లు చెప్పారు. వాన పడితే వాకిలి తడుస్తుంది, నిజమే. పొద్దున్నే లేచి చూస్తే వాకిలి తడిగా ఉంది. కాబట్టి రాత్రి వాన పడిందని చెప్పవచ్చా? మా ఆవిడ కళ్ళాపి చల్లి ఉండవచ్చు గదా అన్నారు. ఆ మాటతో నా నోటు ఎక్కడ తప్పిందో నాకు అర్థమయింది. వెళ్ళేముందు ఆయన, ఈ శాస్త్రాన్ని లోకానికి విడమరచి చెప్పిన ఒక మహానుభావుడు మన మద్రాసు రాజధానిలోనే మధురైలో పుట్టాడనీ, వీలుంటే ఆయన గురించి చదవమనీ చెప్పి వెళ్ళారు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వెతికి, తరువాత దొరికిన పుస్తకమల్లా చదివి, నేను తెలుసుకున్న విషయాలు ఇవి.

అగస్టస్ డి మోర్గాన్ 1806 జూన్ 27న మధురైలో జన్మించారు. తండ్రి జాన్ డి మోర్గాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. ఆయన పుట్టిన రెండు వారాల లోపే వేలూరు కోటలో సిపాయిలు తిరుగుబాటు చేశారు. పుట్టిన కొద్దికాలానికే ఆ బిడ్డకు కుడికంటి చూపు పోయింది. ఏడు నెలల పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం ఇంగ్లండు చేరింది. తండ్రి ఉద్యోగరీత్యా మళ్ళీ ఇండియాకు రావలసి వచ్చింది. 1816లో ఇంటికి తిరిగి వెళుతూ సెయింట్ హెలీనా దీవి సమీపంలో ఓడలోనే ఆయన మరణించాడు. అప్పటికి అగస్టస్‌కు పదేళ్ళు.

ఇక తల్లి తరఫు ముచ్చట పింఛనుదారులమైన మనకు ఆసక్తి కలిగించేది. ఆమె తాతగారు జేమ్స్ డాడ్సన్ గణితజ్ఞుడు. నలభై అయిదేళ్ళు దాటిన కారణంగా ఆయనకు ఒక బీమా సంఘం సభ్యత్వం నిరాకరించింది. దాంతో ఆయన, మనుషుల ఆయుర్దాయ పట్టికలను చూసి వయసునుబట్టి ప్రీమియం కట్టే పద్ధతిని లెక్కగట్టాడు. ఆయన 1757లో పోయినా, ఆ పద్ధతి ఆధారంగా 1762లో లండన్‌లో ఈక్విటబుల్ అనే జీవితబీమా సంస్థ ఏర్పడింది. మనమందరం జీతంలోంచి నెలనెలా కట్టిన బీమా ప్రీమియంల వెనుక ఉన్న లెక్కకు మూలపురుషులలో ఆయన ఒకడు. మునిమనుమడు కూడా 1838లో సంభావ్యత మీద, జీవితబీమాకు దాని వినియోగం మీద ఒక గ్రంథం రాశాడు. వార్షిక భృతులు, ఆయుర్దాయాలు అందులోని విషయాలే.

అగస్టస్ చిన్నతనంలో లెక్కల్లో ప్రత్యేకమైన ప్రజ్ఞ ఎవరికీ కనిపించలేదు. పధ్నాలుగో ఏట ఒకనాడు రూళ్ళకర్ర, వృత్తలేఖిని పెట్టుకొని యూక్లిడ్ పుస్తకంలోని బొమ్మను శ్రద్ధగా గీస్తూ ఉంటే, కుటుంబ మిత్రుడొకాయన చూశాడు. జ్యామితిలో బొమ్మ ముఖ్యం కాదనీ, ఒక మాట నిజమైతే మరొక మాట ఎందుకు నిజం కావాలో నిరూపించడమే ముఖ్యమనీ ఆయన వివరించాడు. ఆ పూట నుంచి పిల్లవాడి దారి మారింది. 1823లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1827లో గణితంలో నాలుగో స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. చదువుతోపాటు వేణువు వాయించడం ఆయనకు ప్రాణం.

తల్లి కోరిక కొడుకు మతాచార్యుడు కావాలని. కాని ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలో ఎం.ఏ. పట్టా పొందాలన్నా, ఫెలోగా నిలవాలన్నా ఇంగ్లండు చర్చి సిద్ధాంతాలను అంగీకరిస్తున్నట్లు సంతకం పెట్టాలి. మనసులో పూర్తిగా లేని మాటకు సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. పట్టా, ఫెలోషిప్పు రెండూ వదులుకొని, న్యాయశాస్త్రం చదువుదామని లండన్ వచ్చాడు. అదే సమయంలో లండన్‌లో మతంతో నిమిత్తం లేకుండా అందరికీ చదువు చెప్పే ఒక కొత్త విద్యాలయం ప్రారంభమవుతోంది. అదే తరువాత యూనివర్సిటీ కాలేజి అయింది. 1828లో, ఇరవై ఒక్క ఏట, ఆయన అక్కడ గణితాచార్యుడుగా నియమితుడయ్యాడు.

ఆయన పాఠం గురించి శిష్యులు గొప్పగా చెప్పుకున్నారు. కాగితం చూడకుండా చెప్పేవాడు. సూత్రాలు బట్టీ పట్టడం, పరీక్షకోసం కుక్కుకొని చదవడం ఆయనకు గిట్టవు. ఆయన దగ్గర చదివినవారిలో గణితజ్ఞుడు సిల్వెస్టర్, తర్కాన్ని యంత్రంతో చేయించి చూపిన స్టాన్లీ జెవన్స్ ఉన్నారు. బాబేజ్ యంత్రం మీద రాసి ప్రసిద్ధికెక్కిన ఎడా లవ్‌లేస్‌కు 1840 ప్రాంతంలో ఉత్తరాల ద్వారా గణితం నేర్పింది ఆయనే. సామాన్యులకోసం వెలువడిన పెన్నీ సైక్లోపీడియాకు ఆయన ఏడువందలకు పైగా వ్యాసాలు రాశాడు. పిల్లలు ఇంటర్మీడియట్‌లో చదివే గణితానుగమనం అనే పద్ధతికి ఇంగ్లీషులో నిలిచిన పేరు 1838లో ఆయన వ్యాసం వల్లనే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జ్యామితి చదవబోయే పిల్లలకు ముందుగా తర్కం తెలియాలని ఆయన అభిప్రాయం. అందుకని 1839లో తర్కం మొదటి పాఠాలను ఒక చిన్న పుస్తకంగా వేశాడు. 1847లో పెద్ద గ్రంథం ఫార్మల్ లాజిక్ వెలువడింది. అందులో మనుషులు తర్కంలో ఎక్కడెక్కడ జారిపడతారో చెప్పే అధ్యాయం కూడా ఉంది.

మన పిల్లలు ఒకప్పుడు పదో తరగతి లెక్కల్లో ప్రవచనాలు, సమితులు అని ఒక పాఠం చదివేవారు. ప్రవచనాలంటే సాయంకాలం గుళ్ళో జరిగేవి కావు. నిజమో అబద్ధమో తేల్చి చెప్పదగిన వాక్యం ప్రవచనం. ఇది అయితే అది అవుతుంది అని రెండు ప్రవచనాలను ముడివేస్తే దాన్ని అనుషంగికం అన్నారు. మన జీవో లన్నీ దాదాపు ఈ ముడులే. ఇన్నేళ్ళు సర్వీసు ఉంటే ఇంత పింఛను, ఫలానా తేదీలోగా పత్రం ఇస్తే ఫలానా లాభం, ఇలాగే ఉంటాయి.

ఈ ముడితో నాలుగు రకాలుగా ముందుకు వెళ్ళాలని చూస్తాం. రెండు దారులు మంచివి, రెండు గోతిలో పడేసేవి. మాస్టారి వాన, వాకిలి తీసుకొనే చెబుతాను. మా వాకిలికి పైకప్పు లేదు గనుక, వాన పడితే వాకిలి తడుస్తుందన్న మాట నిజమని ఒప్పుకుందాం.

మొదటి దారి: వాన పడింది, కాబట్టి వాకిలి తడిసింది. ఇది సరైనది.

రెండో దారి: వాకిలి తడవలేదు, కాబట్టి వాన పడలేదు. ఇదీ సరైనదే. వాన పడి ఉంటే తడిసేదే గదా. ఈ రెండో రూపాన్ని ప్రతివర్తితం అంటారు. మొదటి మాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

మూడో దారి: వాకిలి తడిసింది, కాబట్టి వాన పడింది. ఇది తప్పు. కళ్ళాపి కావచ్చు, కుళాయి కారి ఉండవచ్చు. ముడిని తిరగేసి చదవడం వల్ల వచ్చే తప్పు ఇది. తిరగేసిన వాక్యాన్ని విపర్యయం అంటారు.

నాలుగో దారి: వాన పడలేదు, కాబట్టి వాకిలి తడవలేదు. ఇదీ తప్పే, కారణం కూడా అదే. దీని వెనక ఉన్న వాక్యం విలోమం.

ఇల్లలకగానే పండగ కాదని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. పండగైతే ఇల్లలుకుతాం, కాని అలికిన ఇల్లు చూసి పండగని లెక్కవేయకూడదు. మూడో దారి తప్పని చెప్పే సామెత అది. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పొగనూ నిప్పునూ తీసుకొని ఇదే జాగ్రత్త చెప్పాడు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పచ్చి కట్టె తోడైతేనే పొగ వస్తుంది.

1979లో నేను నడిచింది మూడో దారి. చనిపోతే రాడు, రాలేదు, కాబట్టి చనిపోయాడు. మొదటి మాట నిజం, రెండో మాట నిజం, ముగింపు అబద్ధం. రెండు నిజాలు పక్కపక్కన ఉన్నాయి గనుక మూడోది కూడా నిజంలాగే కనిపించింది. పైఅధికారికీ అలాగే కనిపించి సంతకం పెట్టారు.

డి మోర్గాన్ పేరు ఈనాటికీ నిలిచింది రెండు న్యాయాల వల్ల. పాఠ్యపుస్తకాల్లో డి మోర్గాన్ న్యాయాలు అంటారు. ఇదీ అదీ రెండూ నిజం అన్నమాట అబద్ధమైతే, రెండింటిలో కనీసం ఒకటి అబద్ధం. ఇదైనా అదైనా నిజం అన్నమాట అబద్ధమైతే, రెండూ అబద్ధమే. ఈ సంగతులు మధ్యయుగపు తార్కికులకూ తెలుసు గాని, గణితంలాగా గుర్తులతో నడిచే తర్కంలో వీటికి స్థానం కల్పించినవాడు ఆయన.

ఇవి మనకెందుకంటే, ఆఫీసు నిబంధనల్లో షరతులు ఎక్కువగా జంటగా వస్తాయి. సర్వీసు పుస్తకమూ సరిగా ఉండి, బకాయిలు లేవన్న పత్రమూ ఉంటే మంజూరు చేయాలి అని నిబంధన అనుకోండి. నిబంధన సక్రమంగా అమలైన చోట మంజూరు కాలేదంటే, రెండో దారి ప్రకారం రెండు షరతులూ కలిసి నెరవేరలేదని తెలుస్తుంది. డి మోర్గాన్ న్యాయం ప్రకారం దానికి అర్థం రెండింటిలో కనీసం ఒకటి లేదని మాత్రమే. రెండూ లేవని కాదు. ఒక్క పత్రం కొరత ఉన్న ఫైలును రెండూ లేవని తిప్పి పంపడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. తిరిగి వచ్చిన ఆ ఫైలు పట్టుకొని మనిషి రెండు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చేది.

1847 నాటికి తర్కం వల్ల ఆయనకు ఒక పెద్ద తగాదా కూడా ఎదురయింది. ఎడింబరోకు చెందిన తత్త్వవేత్త సర్ విలియం హామిల్టన్, తన భావాన్ని డి మోర్గాన్ కాజేశాడని ఆరోపించాడు. ఆ వివాదం ఎంతగా సాగిందంటే, దాన్ని గమనించిన జార్జి బూల్ అనే స్కూలు మాస్టారుకు తన పాత ఆలోచనలు మళ్ళీ మేల్కొని, అదే సంవత్సరంలో తర్కానికి బీజగణితం రూపమిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. డి మోర్గాన్ ఆయన్ను పోటీదారుగా చూడలేదు. ఇద్దరూ జీవితాంతం ఉత్తరాలు రాసుకున్న స్నేహితులు. ఈనాడు బ్యాంకులో మన ఖాతా చూసే కంప్యూటరు లోపల నడిచే గణితం బూల్ పేరుతో, డి మోర్గాన్ న్యాయాలతో కలిసే ఉంది.

పుట్టిన దేశాన్ని ఆయన మరిచిపోలేదు. ఢిల్లీలో మాస్టర్ రామచంద్ర అనే గణితోపాధ్యాయుడు గరిష్ఠ, కనిష్ఠ విలువలను కలన గణితం లేకుండా సాధించే పద్ధతిని 1850లో కలకత్తాలో పుస్తకంగా వేశారు. ఇక్కడ దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ప్రతి డి మోర్గాన్ చేతికి చేరింది. ఆయన దాని విలువ గుర్తించి, కంపెనీవారితో మాట్లాడి, పెద్ద పీఠికతో 1859లో లండన్‌లో మళ్ళీ ముద్రింపజేశాడు. 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లండులో భారతీయులంటే ఎంతో కోపంగా ఉన్న రోజులవి. ఆ రోజుల్లో ఒక భారతీయుని ప్రతిభను ఎత్తిచూపుతూ పీఠిక రాయడం చిన్న విషయం కాదు.

ఆయన గురించి చదివినప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఆయన రెండు రాజీనామాలు. 1831లో విద్యాలయ పాలకవర్గం శరీరశాస్త్ర ఆచార్యుడు ప్యాటిసన్‌ను తొలగించింది. ఆయన నడవడిలోగాని నైపుణ్యంలోగాని దోషం లేదని చెబుతూనే తొలగించింది. దోషం లేనివాణ్ణి కూడా తొలగించవచ్చునంటే ఇక ఏ ఆచార్యుని పదవికీ భద్రత లేదని డి మోర్గాన్ తేల్చుకొని, తనకే నష్టమూ జరగకపోయినా పదవి వదిలివేశాడు. 1836లో ఆయన స్థానంలో ఉన్న ఆచార్యుడు నీట మునిగి మరణించగా, అప్పటికి నిబంధనలు మారినందున మళ్ళీ వెళ్ళాడు.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు అక్కడే పనిచేశాడు. 1866లో మనస్తత్వం, తర్కం బోధించే పీఠం ఖాళీ అయింది. జేమ్స్ మార్టినో అనే పండితుణ్ణి ఆచార్యుల సభ సిఫారసు చేస్తే, పాలకవర్గం నిరాకరించింది. ఆయన యూనిటేరియన్ మతగురువు కావడమే కారణమని డి మోర్గాన్‌కు అర్థమయింది. ఇక్కడ ఆయన వాదన నేను పైన చెప్పిన రెండో దారే. ఈ సంస్థ తన మూలసూత్రానికి కట్టుబడి ఉంటే మతం కారణంగా ఎవరినీ నిరాకరించదు. మతం కారణంగా నిరాకరించింది. కాబట్టి ఈ సంస్థ తన మూలసూత్రానికి కట్టుబడి లేదు. కేంబ్రిడ్జిలో యువకుడుగా ఏ కారణంతో పట్టా వదులుకున్నాడో, అరవయ్యో ఏట అదే కారణంతో ఉద్యోగం వదులుకున్నాడు. ఆయన సంపాదన ఏనాడూ పెద్దది కాదు. ఏడుగురు పిల్లల తండ్రి. తరువాత పాత విద్యార్థులు కళాశాలలో ఉంచడానికి ఆయన ప్రతిమ చేయిస్తామంటే, తాను సేవచేసిన ఆ కళాశాల ఇప్పుడు లేదన్న భావంతో అందుకూ ఒప్పుకోలేదు.

మనలో చాలామందిమి ఉద్యోగంలో ముగింపు తెలిసి కూడా మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోయినవాళ్ళమే. నేనూ అంతే. పిల్లల చదువులు, ఇంటి అద్దె మనల్ని ఆపుతాయి. అందుకే ముగింపు దాకా నడిచినవాణ్ణి చూస్తే గౌరవం కలుగుతుంది.

ఇంట్లో కూడా ఆయన తర్కాన్ని పక్కన పెట్టలేదు, అలాగని దాన్ని ఇంటివారి మీద కర్రలాగా వాడలేదు. 1837లో ఆయన పెళ్ళాడిన సోఫియా ఫ్రెండ్ చదువుకున్న ఇల్లాలు. ఆమెకు పరలోకవాసుల ఆత్మలతో మాట్లాడవచ్చన్న నమ్మకం ఉండేది. 1853లో పెద్దకూతురు ఆలిస్ మరణించింది. 1863లో సోఫియా తన నమ్మకాల మీద పుస్తకం వేస్తే, డి మోర్గాన్ దానికి పీఠిక రాశాడు. ఇంట్లో తాను చూసిన వింతలు మోసమనీ, కాకతాళీయమనీ తోసిపుచ్చలేనన్నాడు. అలాగని అవి ఆత్మల పనేనని కూడా ఒప్పుకోలేదు. ఆత్మలుంటే ఇలాంటివి జరగవచ్చు. జరిగాయి. అంతమాత్రాన ఆత్మలున్నాయని తేలదు. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రికి ఆ మూడో దారి ఎంత తియ్యగా ఉంటుందో ఊహించండి. భార్యను నొప్పించకుండా, అబద్ధం ఒప్పుకోకుండా ఆయన నిలవగలిగాడు.

చివరి రోజులు కష్టంగానే గడిచాయి. కొడుకు జార్జి తండ్రిలాగే గణితజ్ఞుడు. అతడూ అతని మిత్రుడూ తలపెట్టగా లండన్ గణిత సంఘం ఏర్పడి 1865లో తొలి సమావేశం జరిగింది. మొదటి అధ్యక్షుడు డి మోర్గాన్. రెండేళ్ళకే, 1867లో, ఆ కొడుకు పోయాడు. 1870లో మరో కూతురు పోయింది. ఆ దుఃఖంతో కుంగి, 1871 మార్చి 18న ఆయన కన్నుమూశాడు. మూడువేలకు పైబడిన ఆయన పుస్తకాలను లార్డ్ ఓవర్‌స్టోన్ కొని లండన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. వృత్తాన్ని చతురస్రం చేశామని ప్రగల్భాలు పలికినవారి వాదాల్లోని తప్పులను ఎత్తిచూపుతూ ఆయన రాసిన వ్యాసాలను సోఫియా 1872లో పుస్తకంగా తెచ్చింది. పెద్దకొడుకు విలియం కుండల మీద, పెంకుల మీద చిత్రకళతో పేరుపొందాడు.

ఆయన తన వయసు అడిగినవారికి ఒక పొడుపుకథ చెప్పేవాడట. తన వయసును అదే సంఖ్యతో గుణిస్తే ఏ సంవత్సరం వస్తుందో ఆ సంవత్సరంలో తనకు ఆ వయసు అని. మనుమలకు ఇవ్వండి, 1806లో పుట్టాడని మాత్రం చెప్పండి. 43ను 43తో గుణిస్తే 1849.

మాస్టారి సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. అయిదు నెలల తరువాత ఆయనకు పింఛను పునరుద్ధరణ అయింది, బకాయిలు ఒక్కసారిగా వచ్చాయి. ఆయన సంతకం చేసి డబ్బు లెక్కపెట్టుకొని, రిజిస్టరులో ఆ ఎర్రసిరా మాట కొట్టివేసి పక్కన నా పొట్టి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అప్పటినుంచి ప్రతి నెలా వచ్చినప్పుడు నా బల్ల దగ్గర అయిదు నిమిషాలు కూర్చొని ఏదో ఒక తర్కం లెక్క ఇచ్చి వెళ్ళేవారు.

1986లో నేను మళ్ళీ అదే సీటులో ఉన్నాను. ఒక నెల ఆయన రాలేదు, రెండో నెలా రాలేదు. రిజిస్టరులో తీసుకోలేదు అని మాత్రమే రాశాను. మూడో నెల ఆయన భార్య మనుమణ్ణి వెంటబెట్టుకొని వచ్చి మరణ ధ్రువపత్రం నా బల్ల మీద పెట్టారు. పత్రం చదివి, తేదీ సరిచూసి, ఏడేళ్ళ క్రితం తప్పుగా రాసిన మాటే ఆ గడిలో మళ్ళీ రాశాను. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించి, కుటుంబ పింఛను దరఖాస్తు నేనే నింపాను. ఆమె వేలిముద్ర వేస్తారేమో అని స్టాంపు పాడ్ తీశాను. సంతకం చేయగలనమ్మా నేను అన్నట్లు చూసి, గుండ్రని అక్షరాలతో పేరు రాశారు. ఆవిడకు చదువు రాదని నేను ఏ ఆధారంతో అనుకున్నానో ఆలోచిస్తూ ఆ పూటంతా గడిపాను.

2014 నుంచి మన జీవన ప్రమాణ పత్రం వేలిముద్రతో కంప్యూటరులోకి వెళుతోంది. వయసు మీరిన వేళ్ళకు ఒక్కోసారి ముద్ర పడదు. ముద్ర పడకపోతే మనిషి లేడని అర్థం కాదు. మీ వీధిలో అలా పింఛను ఆగిన పెద్దలెవరైనా ఉంటే దయచేసి మన సంఘం కార్యాలయానికి తెలియజేయండి. కారణం ఏదో ముందు కనుక్కుందాం.